కార్డు మార్చే ముందు ఒక్క పూట పరీక్ష

మాఘమాసం వచ్చిందంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లకు రాత్రీ పగలూ ఒక్కటే. తలంబ్రాల బియ్యం ఆరకముందే టీజర్ కోసం ఫోన్లు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే టైమ్‌లైన్ మీద 4కే వీడియో ఆగి ఆగి కదులుతుంది. ఎవరిని అడిగినా ఒకటే సలహా: గ్రాఫిక్స్ కార్డు మార్చు. అప్పో సప్పో చేసి, బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి, వేలకు వేలు పోసి కార్డు తెచ్చి బిగిస్తారు. తీరా చూస్తే వీడియో మళ్లీ అక్కడే ఆగుతుంది.

ఈ కరపత్రం అడుగుతున్నది ఒక్కటే. పరీక్షించి చూడనిదే స్టూడియోవాళ్లు కార్డు కొనకూడదు, దుకాణాలు అమ్మకూడదు.

కారణం కెమెరా దగ్గరే మొదలవుతుంది. 2018లో వచ్చిన సోనీ ఏ7 త్రీ 4కే వీడియోను 8 బిట్, 4:2:0 పద్ధతిలో రికార్డు చేస్తుంది. దాన్ని జీటీఎక్స్ 1050 టీఐ లాంటి పాత కార్డు కూడా సులువుగా ఆడిస్తుంది. 2021లో ప్రకటించిన ఏ7 ఫోర్‌లో 10 బిట్, 4:2:2 వచ్చింది. పట్టుచీర రంగు, పసుపు రాసిన ముఖం రంగు తర్వాత దిద్దుకోవాలంటే అది నిజంగా మేలైన పద్ధతి. చాలా స్టూడియోలు పాత సిస్టమ్ అలాగే ఉంచి కెమెరా మాత్రం మార్చాయి. చిక్కు అక్కడే వచ్చింది.

కెమెరా ఫైలు గట్టిగా కట్టిన మూట లాంటిది. తెర మీద చూపించాలంటే ప్రతి ఫ్రేమునూ విప్పాలి. ఆ పనికి గ్రాఫిక్స్ కార్డులో డీకోడర్ అనే భాగం వేరుగా ఉంటుంది. ఎన్విడియా 2025 జనవరిలో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందు వచ్చిన ఆ కంపెనీ కార్డుల్లో ఈ డీకోడర్ 4:2:2 ఫైళ్లను విప్పలేదు. 3060 అయినా, 4060 అయినా, లక్ష దాటిన 4090 అయినా అంతే. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 1050 టీఐ తీసి 4060 పెట్టినవాళ్లకు ప్రివ్యూలో పెద్ద తేడా కనిపించకపోవడానికి ఇదే అసలు కారణం. కార్డులో లోపం లేదు, ఈ పని దానికి రాదు.

ఇంటెల్ ప్రాసెసర్లలో మరో దారి ఉంది. 11వ తరం నుంచి వాటి లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ అనే డీకోడర్ 10 బిట్ 4:2:2ను విప్పగలదు. అయితే హెచ్.265 ఫైళ్లను మాత్రమే, హెచ్.264 అయితే కాదు. ఇక్కడే ఒక్క అక్షరం కొంప ముంచుతుంది. ఐ5 12400లో లోపలి గ్రాఫిక్స్ ఉంటుంది, క్విక్ సింక్ ఉంటుంది. 12400ఎఫ్‌లో రెండూ ఉండవు. ఎఫ్ కాస్త చౌక కాబట్టి అసెంబుల్డ్ సిస్టమ్ కొటేషన్లలో అదే తరచుగా కనిపిస్తుంది. గేములు ఆడే కుర్రవాడికి దానితో నష్టం లేదు. పెళ్లి వీడియోలు చేసేవాడికి మాత్రం చేతిలో ఉండాల్సిన పనిముట్టు పోయినట్టే. ఎఫ్ లేని ప్రాసెసర్ ఉన్నవాళ్లు కూడా బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

పరీక్షకు ఖర్చు లేదు. మామూలుగా ఇబ్బంది పెట్టే పెళ్లి ప్రాజెక్టునే తెరిచి, పక్కన విండోస్ టాస్క్ మేనేజర్ పెట్టుకుని అయిదు నిమిషాలు ప్లే చేయాలి. ప్రాసెసర్ నూరు శాతానికి చేరి, కార్డు వీడియో డీకోడ్ గ్రాఫ్ సున్నా దగ్గరే ఉంటే మూట విప్పే దగ్గరే అడ్డుపడిందని అర్థం. ర్యామ్ నిండిపోతే అది వేరే జబ్బు. హార్డ్ డిస్క్ నూరు శాతం చూపిస్తే కూడా కార్డు ఏమీ చేయలేదు. ఏ7 ఫోర్‌లో 140 మెగాబిట్ల వేగంతో తీసిన వీడియో గంటకు 63 జీబీ అవుతుంది. మూడు కెమెరాల ఫైళ్లను ఒకే పాత డిస్కు నుంచి ఒకేసారి లాగితే అది ఆయాసపడక తప్పదు. ప్రాజెక్టు నడుస్తున్నన్నాళ్లు ఫైళ్లను ఎస్ఎస్‌డీలో ఉంచితే ఆ బాధ తీరుతుంది.

ప్రాసెసర్ దగ్గర అడ్డుపడినవాళ్లు ముందు ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్లకు బదులు చిన్న నకళ్లు, వాడి చూడాలి. ప్రీమియర్, రిజాల్వ్, ఎడియస్ మూడింటిలోనూ ఆ సౌకర్యం ఉంది. రాత్రి పడుకునే ముందు చిన్న ఫైళ్లు తయారవడానికి పెట్టి, పొద్దున్నే వాటి మీద ఎడిటింగ్ చేసి, చివరి ఎక్స్‌పోర్టుకు అసలు ఫైళ్లు వాడుకోవచ్చు. మంటపం ముందు కదలకుండా నిలబెట్టే ట్రెడిషనల్ కెమెరాకు 8 బిట్ 4:2:0 సరిపోతుంది. 4:2:2ను క్యాండిడ్ కెమెరాకు ఉంచుకుంటే చాలు. కెమెరామన్, ఎడిటర్ పెళ్లికి ముందే ఈ మాట అనుకుంటే సగం తలనొప్పి పోతుంది.

అలాగని కార్డు ఎప్పుడూ దండగ అనడం కూడా తప్పే. రిజాల్వ్‌లో కలర్ గ్రేడింగ్ అంతా కార్డు మీదే నడుస్తుంది. మే నెలలో కుప్పం గంగమ్మ జాతర రాత్రిపూట తీసినవాళ్లకు నాయిస్ తీయడం ఎంత బరువైన పనో తెలుసు. డబ్బు కట్టి కొన్న స్టూడియో వెర్షన్‌లో ఉండే ఆ సౌకర్యం కార్డు శక్తినీ మెమరీనీ విపరీతంగా తింటుంది. అలాంటి పనే ఎక్కువైతే, పరీక్షలో కార్డు నూరు శాతానికి చేరితే, వెనకాడకుండా మార్చాలి. కొత్తదైతే చాలని మాత్రం అనుకోకూడదు. 2021లో వచ్చిన 3060లో 12 జీబీ మెమరీ ఉంటే 2023లో వచ్చిన 4060లో 8 జీబీనే ఉంది. మొదటిది 170 వాట్లు, రెండోది 115 వాట్లు తీసుకుంటుంది. రెండింటికీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలన్నది తయారీదారు సూచన. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్‌ను నమ్మి ఇంత కార్డు బిగించడం ప్రమాదం. సెకండ్‌హ్యాండ్‌లో అయితే మరింత జాగ్రత్త కావాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియమ్ మైనింగ్ ఆగిపోయాక, నెలల తరబడి ఆగకుండా నడిచిన కార్డులు కుప్పలుగా పాత సామాను మార్కెట్లోకి వచ్చాయి. వాటిని బిల్లు, వారంటీ లేకుండా కొనకూడదు.

మదనపల్లె టమోటా మార్కెట్లో కాయ చూడకుండా ఎవరూ వేలం పాడరు. కంప్యూటర్ దుకాణంలోనూ ఆ పద్ధతి రావాలి. కొటేషన్‌లో ప్రాసెసర్ పేరు చివరి అక్షరంతో సహా రాయాలి. కార్డు మెమరీ ఎంతో, ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లో, వారంటీ ఎన్నేళ్లో రాయాలి. కొనేవారు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సొంత క్లిప్పును దుకాణంలోనే ఆడించి చూపాలి. జీఎస్‌టీ బిల్లు ఇవ్వాలి. ఇవన్నీ ఏ దుకాణదారుడికీ భారం కావు.

ఇక మూడు ఊళ్ల ఫొటోగ్రాఫర్లు కలిసి చేయాల్సిన పని ఒకటుంది. ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన డాగురే చిత్రపటానికి పూలదండ వేయడం మన ప్రాంతంలో ఆనవాయితీ. ఆ రోజు మధ్యాహ్నం ఒక పూట దీనికి కేటాయించాలి. ఒకే క్లిప్పును, ఒకే ప్రాజెక్టును ఎవరి సిస్టమ్‌లో వాళ్లు ప్లే చేసి, ఎక్స్‌పోర్టు చేసి, ప్రాసెసర్, కార్డు, ర్యామ్, పట్టిన నిమిషాలు ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం ఉంటే కుప్పంలో కార్డు కొనబోతున్న కుర్రవాడు డబ్బు కట్టే ముందు మదనపల్లెకో పుంగనూరుకో ఒక్క ఫోన్ చేసి, తన కెమెరా ఫైలు ఆ కార్డు మీద ఎలా నడిచిందో అడిగి తెలుసుకుంటాడు.