పెద్దల కాగితము - బిడ్డల హక్కు

ఆలుమగల తగవు గుమ్మము దాటినచో మన పల్లెలలో ముందుగా చేరునది కులపెద్దల యెదుటికే. చెరకుతోటల నడుమనున్న చోడవరము ప్రాంతమునకును ఇది క్రొత్త కాదు. 2022లో ఆ ప్రాంతము విశాఖపట్టణము జిల్లా నుండి అనకాపల్లి జిల్లాకు మారినది గాని, పెద్దల మాటకుగల విలువ మారలేదు.

ఆ విలువను తేలికగా చూడరాదు. ఇరువైపుల వారి గుణదోషములును, కలిమిలేములును ఎరిగినవారు పెద్దలు. పెక్కు కులములలో తెగతెంపులు, మారుమనువు చట్టములకు పూర్వమే కలవు. చోడవరము మదరాసు రాష్ట్రములో నుండగా, 1949లో ఆ రాష్ట్రము ద్విభార్యా నిషేధమునకును, విడాకులకును చట్టము చేసినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము దానిని రద్దుచేసినను, తన 29వ సెక్షనులో ఆచారసిద్ధమైన విడాకులను నిలిపియుంచినది.

పలువురు పొరపడుచున్నది ఇక్కడనే. ఆచారము కలదన్నంత మాత్రమున చాలదు. అది తమ కులమున చిరకాలముగా నడచుచున్నదని న్యాయస్థానమున రుజువు చేయవలెను. రుజువు కానిచో స్టాంపు కాగితముపై వ్రాసిన తెగతెంపులు చెల్లవు. ఆ కాగితమును నమ్మి మరల పెండ్లాడినవారు, మొదటి వివాహము నిలిచియుండగా రెండవది చేసికొన్న నేరమునకు లోనగుదురు.

బిడ్డల గతి ఇంతకన్న దయనీయము. ఇకపై ఒకరిమీద ఒకరికి హక్కు లేదని ఆలుమగలు వ్రాసికొనవచ్చును. బిడ్డ పోషణను మాత్రము వారు వ్రాతతో వదలించుకొనజాలరు. చట్టములోని 24, 25 సెక్షనులు ఆదాయము లేనివారికి భరణమును, 26వ సెక్షను బిడ్డల పెంపకమును, పోషణమును, చదువును పేర్కొనుచున్నవి. భరణము కోరినపుడు ఇరువురును తమ ఆస్తి, అప్పులను ప్రమాణపూర్వకముగా తెలుపవలెనని 2020లో సుప్రీంకోర్టు విధించినది.

కోర్టుకెక్కిన కాలము, ధనము వ్యర్థమగునని పెద్దలందురు. ఆ భయము నిరాధారము కాదు. అయినను పరస్పరాంగీకారముతో విడిపోవు మార్గము 1976 నుండి చట్టములో కలదు. అందలి ఆరు నెలల గడువును తగిన సందర్భములలో సడలింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1987 చట్టము ప్రకారము స్త్రీలకును, బాలలకును న్యాయసహాయము ఉచితము. రాజీకి యత్నించుట న్యాయమూర్తికిని విధియే. కావున పెద్దలు కుదిర్చిన ఒప్పందము కోర్టు ముద్ర పొందిననాడు బలపడునే గాని చెడదు.

పల్లెలో కాగితము వ్రాయుటకు ఉపాధ్యాయుని పిలుచుట కలదు. ఆయన కలము పట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. బిడ్డ ఎవరియొద్ద నుండును? తిండికి, చదువునకు ఎవరెంత ఇత్తురు? ఈ ఒప్పందమును న్యాయస్థానమున ఎన్నడు దాఖలు చేయుదురు? వీనికి సమాధానము లేని కాగితమును వ్రాయననుటయే ఆయన చేయదగిన మేలు. మరునాడు ఆ బిడ్డ కూర్చుండునది ఆయన తరగతిలోనే.