గేదె రక్తపరీక్ష పాల లెక్క చెబుతుందా?

విజయనగరం: సంతలో గేదెను బేరమాడే రైతుకు ఒకటే బెంగ. పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది? అమ్మేవాడు చెప్పే లెక్క ఒకటి, ఇంటికి తోలుకొచ్చాక తేలే లెక్క మరొకటి. అప్పు చేసి కొన్నవారికి ఈ తేడాయే వాయిదాల బరువు అవుతుంది. మరి రక్తపరీక్షతో పాల దిగుబడిని ముందే తెలుసుకోవచ్చునా?

రక్తానికీ పాలకూ సంబంధం ఉన్నమాట నిజమే. ఒక లీటరు పాలు తయారు కావాలంటే సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలి. అయితే పాలు ఎక్కువిచ్చే గేదె రక్తమూ, తక్కువిచ్చే గేదె రక్తమూ పరీక్షలో చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. మేతలో కాల్షియం చాలకపోతే శరీరం ఎముకల నుంచి లాగి రక్తంలో సరిపెట్టుకోవడమే ఇందుకు ఒక కారణం.

ఇంగ్లండులోని కాంప్టన్ పరిశోధన కేంద్రం 1970లో ఒక పద్ధతిని ప్రకటించింది. మందలో పాలు బాగా ఇచ్చేవి, మధ్యరకంవి, వట్టిపోయినవి ఏడేసి చొప్పున ఎంచి, రక్తంలో గ్లూకోజు, యూరియా, కాల్షియం, భాస్వరం వంటివి కొలిచారు. మంద మేతలో ఏ లోటు ఉన్నదో గుర్తించడానికి ఇది ఉపకరించింది. ఫలానా ఆవు ఇన్ని లీటర్లు ఇస్తుందని మాత్రం చెప్పలేదు.

మన ప్రాంతానికి పనికివచ్చేది ఆ సంగతే. వరిగడ్డిలో మాంసకృత్తులు, భాస్వరం తక్కువ. ఈనిన కొద్ది వారాలకు కొన్ని గేదెలు ఎర్రగా మూత్రం పోయడానికి భాస్వరం లోపం ఒక ముఖ్య కారణం. అటువంటప్పుడు పాలు పడిపోవడమే కాదు, పశువు ప్రాణానికే ముప్పు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉన్నది. ఊరికి కొన్ని పశువుల చొప్పున రక్తం పరీక్షించి, లోటును బట్టి లవణ మిశ్రమం, దాణా సూచిస్తే, అదే మేత వేసే రైతులందరికీ మేలు.

రక్తం నుంచి వంశ లక్షణాలు చదివే పద్ధతి వేరు. గేదెలకు ‘మహిష్‌చిప్’, ఆవులకు ‘గౌచిప్’ 2024 అక్టోబరులో విడుదలయ్యాయి. దూడ వయసులోనే మేలుజాతిని ఎంచడానికి ఇవి తోడ్పడతాయి. అదీ అంచనాయే, మేత చాలకపోతే మంచి జాతి కూడా పాలివ్వదు.

కనుక కొనేవారికి పాత పద్ధతే శరణ్యం. ఒక పూట పితకకుండా ఆపి పొదుగు నిండుగా చూపే అమ్మకందార్లు లేకపోలేదు. ముందురోజు సాయంత్రం దగ్గరుండి పూర్తిగా పిండించి, మరునాడు రెండు పూటల పాలు కొలిపించాకే డబ్బు చేతిలో పెట్టాలి.