కౌలుదారు పొలం అమ్మితే చెల్లుతుందా?



మొన్న క్లాసులో ఒక సార్ అన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాక ఆ నేల చేతులు మారినట్టే. అక్కడి తెగల్ని అడిగేదేముంది, వాళ్లకు రాజ్యముందా?" అన్నారు. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నోరు పెగల్లేదు. హాస్టల్‌కొచ్చి చదివిన. సార్ చెప్పింది తప్పు.

పశ్చిమ సహారా సంగతి చూడండి. 1884 నుంచి స్పెయిన్ చేతిలో ఉన్న నేల. 1975 నవంబర్ 14న స్పెయిన్, మొరాకో, మౌరిటానియా మాడ్రిడ్‌లో కూర్చొని అక్కడి పాలన మీద ఒప్పందం చేసుకున్నాయి. ఆ కాగితం మీద సహ్రావీలది ఒక్క సంతకమూ లేదు.

దానికి నెల ముందే, అక్టోబర్ 16న, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తన మాట చెప్పింది. స్పెయిన్ వచ్చేనాటికి అది ఎవరిదీ కాని నేల కాదు, అక్కడ తెగలున్నాయి, వాటి తరఫున మాట్లాడే పెద్దలున్నారు అని. మొరాకో సుల్తానుకు కొన్ని తెగలు విధేయంగా ఉన్నా, దానివల్ల ఆ నేల మీద సార్వభౌమాధికారం రాదని కూడా చెప్పింది. తీర్పు కాదు, సలహా అభిప్రాయమే, నిజమే. అయినా అది చదువుతుంటే మా గూడెం పట్లా తాత కళ్ల ముందు మెదిలిండు.

2002లో ఐక్యరాజ్యసమితి న్యాయ సలహాదారు హాన్స్ కోరెల్ ఇంకా సూటిగా రాశారు: మాడ్రిడ్ ఒప్పందం సార్వభౌమాధికారాన్ని బదిలీ చేయలేదు. ఎందుకంటే స్పెయిన్ దగ్గర ఉన్నది పాలించే బాధ్యతే, దాన్ని తనంతట తానే ఇంకొకరికి అప్పజెప్పలేదు. కౌలుకు తీసుకున్నోడు పొలం అమ్మితే రిజిస్ట్రేషన్ అవుతుందా?

ఇది కొత్త సూత్రం కూడా కాదు. 1898లో స్పెయిన్ ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు 2 కోట్ల డాలర్లకు ఇచ్చింది. ఆ హద్దుల్లోపలే పాల్మాస్ దీవి ఉంది. అది మాది అని నెదర్లాండ్స్ అడ్డుపడింది. 1928లో మధ్యవర్తి మాక్స్ హ్యూబర్ తేల్చింది ఇదే: స్పెయిన్ తనకు లేని హక్కును ఇంకొకరికి ఇవ్వలేదు. కానీ అదే హ్యూబర్, స్థానిక నాయకులతో చేసుకున్నవి అంతర్జాతీయ ఒప్పందాలే కావని కూడా రాసిండు. మన సార్ ఇంకా ఆ 1928 దగ్గరే ఆగిపోయినట్టున్నారు.

"మరి మొరాకో అక్కడే ఉంది గదా?" అంటారు. ఉంది, చాలా భాగం దాని చేతిలోనే ఉంది. ఆక్రమణ వేరు, హక్కు వేరు. ఐక్యరాజ్యసమితి జాబితాలో అది నేటికీ స్వయంపాలన లేని ప్రాంతమే. 2024 అక్టోబర్‌లో యూరప్ న్యాయస్థానం కూడా, ఆ ప్రజల సమ్మతి లేకుండా మొరాకోతో చేసుకున్న వాణిజ్య ఒప్పందాలు అక్కడికి వర్తించవన్నది.

సోమవారం మళ్లీ ఆ క్లాసుంది. ఈసారి లేస్తా. 1975 అభిప్రాయం తెలుగులో ఎవరి దగ్గరైనా ఉంటే ఆలోపు పంపండి, నా ఇంగ్లీషుతోని ఇంత లాగడమే కష్టమైంది.