ఫీజు యాజమాన్యానికి, అప్పు కూలీకి

మొన్న ఒక ఊళ్ళో కూలీల సమావేశం ముగిశాక ఒక తల్లి మా దగ్గరకొచ్చింది. కూతురు ఇంజనీరింగు పాసై ఏడాది దాటింది. సర్టిఫికెట్లు మాత్రం ఇంకా కాలేజీ బీరువాలోనే ఉన్నాయి. సర్కారు డబ్బు రాలేదు గనుక, ముందు మీరే కట్టి తీసుకుపొమ్మన్నారట. ఆ తల్లి మమ్మల్ని అడిగింది ఒక్కటే: "బాకీ పడింది సర్కారు గదా అన్నా, తాకట్టు మా పిల్ల చదువా?"

దీనికి జవాబు చెప్పవలసింది పాలకులు.

ఫీజు రీయింబర్స్‌మెంటు 2008లో ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద ఎత్తున మొదలైంది. దానివల్ల కూలీల పిల్లలు ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కారు. అది నిజం. అందులో ఒక్క రూపాయి కోసినా మేము ఊరుకోం. అయితే ఆ డబ్బు నడిచే దారి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళు తల్లుల ఖాతాల్లో వేశారు, ఆ తర్వాత కాలేజీల ఖాతాల్లోకి మార్చారు. ఏ ఖాతాలో వేసినా చివరకు చేరేది యాజమాన్యాల దగ్గరికే. ఆలస్యమైతే మాత్రం భారం మన నెత్తిన. 2025 నవంబరు మొదటి వారంలో తెలంగాణలో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు మూతపడ్డాయి. పోయినవి ఎవరి పాఠాలు? మన పిల్లలవే.

లెక్క కట్టి చూద్దాం. తెలంగాణలో 10,000 లోపు ర్యాంకు రాని బి.సి. విద్యార్థికి ఇంజనీరింగులో ఏడాదికి 35,000 రూపాయల వరకే ఇవ్వాలన్న నిబంధన ఏళ్ళ తరబడి అమలైంది. ఆపై ఫీజు ఎంతున్నా ఇంటివాళ్ళే కట్టుకోవాలి. సర్కారివ్వాల్సిన ఆ 35,000 కూడా రాకపోతే? 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. కుటుంబం మొత్తానికి నూరు రోజులూ పని దొరికినా చేతికొచ్చేది 30,700. తిండీ గుడ్డా మానేసినా ఒక్క పిల్ల ఒక్క ఏడాది బాకీ తీరదు. ఇక మిగిలింది వడ్డీ వ్యాపారి గుమ్మమే.

మరి సర్కారు కాలేజీల సంగతేమిటి? ఖాళీ పోస్టులు, గెస్టు లెక్చరర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎయిడెడ్ కాలేజీలకిచ్చే సాయాన్నే వెనక్కి తీసుకోబోయారు. అనంతపురంలో అదేమని అడిగిన విద్యార్థులపై లాఠీలు లేచాయి. జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 విద్యా విధానం కూడా అదే మాట రాసుకుంది. కాగితం మీద మాత్రం కొరత లేదు!

మాలో చాలామందిమి బడి మెట్లు ఎక్కనివాళ్ళం. సంఘం గుడిసెలో లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకున్నవాళ్ళం. మన పిల్లలకు ఆ గతి పట్టకూడదు. అందుకే అడుగుతున్నాం: బకాయిలు వెంటనే చెల్లించాలి. సర్టిఫికెట్లు బిగబట్టిన కాలేజీలపై చర్య తీసుకోవాలి. అట్లా అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. సర్కారు కాలేజీల్లో పోస్టులు నింపాలి, హాస్టలు కట్టాలి, ఊరినుంచి బస్సు వేయాలి.

ప్రతి ఊళ్ళో కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, సర్టిఫికెట్లు ఆగిపోయిన పిల్లల జాబితా రాయండి. సోమవారం అర్జీల రోజున తల్లులందర్నీ వెంటబెట్టుకుని కలెక్టరు ముందు పెట్టండి. ఒక్కరు పోతే వాయిదా చెప్తారు. వందమంది పోతే సమాధానం చెప్పక తప్పదు.