కీరాదోస మొసలి

పోయిన నెల మా మనవరాలి బడినుంచి చీటీ వచ్చింది. చీటీ అంటే కాగితం కాదు లెండి, వాళ్లమ్మ ఫోనులోకి వచ్చింది. "శుక్రవారం పొయ్యి లేని వంటల పోటీ. పిల్లలు పళ్లు, కూరగాయలు, చీజ్‌తో జంతువు ఆకారంలో సరదా సలాడ్ చేసి తీసుకురావాలి" అని. పిల్ల రెండో క్లాసు. చాకు ముట్టుకుంటే ఇంటిల్లిపాదీ కేకలేస్తాం. మరి ఆ 'చేసి' అన్న మాటకి కర్త ఎవరో చీటీ రాసినవారికీ తెలుసు, చదువుకున్నవారికీ తెలుసు.

గురువారం మా కోడలు ఆఫీసునుంచి ఏడున్నరకి వచ్చింది. అన్నాలయ్యాయి, వంటిల్లు సర్దింది, తొమ్మిదింటికి చెక్కపలకా చాకూ ముందేసుకుని కూచుంది. ఫోనులో ఎవరో చకచకా చేసేస్తున్నారు. ఈవిడ ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చేస్తోంది. కీరాదోసకాయ ఒక కొస చీలిస్తే నోరు. అంచున రంపంలా కోస్తే పళ్లు. కారెట్ చీలిక నాలిక. చీజ్ ముక్కా, అనాస ముక్కా, ద్రాక్షపండూ కలిపి టూత్‌పిక్కుకి గుచ్చి వీపంతా ముళ్లు. "మొసలికి ముళ్లేమిటే అమ్మాయ్?" అన్నాను. "వీడియోలో అలాగే ఉందత్తయ్యా" అంది. పిల్ల తొమ్మిదిన్నరకే సోఫాలో నిద్రపోయింది. మా అబ్బాయి ఒకసారి వచ్చి "అబ్బ, భలే ఉందే!" అని మెచ్చుకుని వెళ్లి పడుకున్నాడు. రెండు లవంగాలు కళ్లుగా గుచ్చేసరికి పదకొండు.

తెల్లారేసరికి కీరాదోస నీరొదిలి మొసలి నోరు వేలేసింది. అయినా డబ్బాలో పెట్టి పంపాం. సాయంత్రం డబ్బాతో సహా తిరిగొచ్చింది. ఒక్క ముక్క తగ్గలేదు. "ఫోటోలయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు నానమ్మా. తరవాత వాసనేసింది" అంది పిల్ల. వెయ్యదూ మరి? కోసిన పళ్లూ, పాలతో చేసిన పదార్థాలూ వేడి రోజుల్లో రెండు గంటలైనా బయట ఉంచకూడదే! బహుమతి పుచ్చకాయని హంసగా చెక్కిన తల్లికి — పొరబాటు, తల్లిగారి అమ్మాయికి — వచ్చిందిట. మా మొసలి చెత్తబుట్టలోకి పోయింది.

రంగురంగుల పళ్లూ కూరగాయలూ అంటే నాకు గిట్టదని మాత్రం అనుకోకండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024లో ఇచ్చిన సూచనల్లో కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు, దుంపలు కలిపి పళ్లెంలో సగం ఉండాలన్నారు. మన పళ్లాల్లో సగం ఏముంటుందో, మిగతా సగంలో మళ్లీ ఏముంటుందో మనకి తెలియంది కాదు. పిల్లలు పచ్చి ముక్కలు తినాలి, ఇష్టంగా తినాలి. అందులో తగాదా లేదు. తగాదా అల్లా ఆ మొసలితోనే.

"ఆకారాలు చేసి పెడితే పిల్లలు తింటారండీ, పెద్దవారు మీకేం తెలుసు!" అని మా వీధిలో ఒకావిడ నాతో వాదం వేసుకుంది. తింటారు, కాదనను. ఆ పూటకి తింటారు. మర్నాడు మామూలు ముక్కలు పళ్లెంలో వేస్తే, "దీనికి కళ్లేవీ?" అంటారు. కళ్లు పెడితే ఆ మర్నాడు తోక కావాలి. చేదు మాత్రకి పంచదార పూత పూశారంటే అర్థముంది. కీరాదోస ఏం పాపం చేసిందని దానికి వేషం? ఇది ఉన్నదున్నట్టుగా తినేది కాదు సుమా అని పిల్లకి మన చేతుల్తో మనమే నేర్పుతున్నట్టు కాదూ?

నా మాట చాదస్తమనుకుంటే చదువుకున్నవాళ్ల మాటే వినండి. లియాన్ బర్చ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మరొకరితో కలిసి రెండేళ్ల పిల్లలకి వాళ్లెప్పుడూ ఎరగని రకరకాల చీజ్‌లూ, పళ్లూ రుచి చూపించారు. కొన్నింటిని రెండేసిసార్లు, కొన్నింటిని ఇరవైసార్ల దాకా. ఆ ఫలితాలు 1982లో అచ్చయ్యాయి. ఎక్కువసార్లు నోట పడ్డవాటినే పిల్లలు ఎక్కువగా కోరుకున్నారు. అంతే సంగతి. మా కోడలు మొసలికి పోసిన రెండు గంటల ఓపికని ఇరవై రోజులకి పంచితే రోజుకి ఆరు నిమిషాలు. ఆరు నిమిషాల్లో ఒక కాయ చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ నిమ్మరసం పిండి, పిల్ల పక్కన కూచుని ఒకటి మనమూ నోట్లో వేసుకోవచ్చు.

ఆ మాటకొస్తే ఈ వేషాలు మనవీ కావు, కొత్తవీ కావు. 1905లో పెన్సిల్వేనియా గృహిణి ఒకావిడ సన్నగా తరిగిన క్యాబేజీ, సెలరీ వగైరాలు జెలటిన్‌లో గడ్డ కట్టించి ఒక పోటీకి పంపి మూడో బహుమతి కొట్టేసింది. పోటీ పెట్టింది ఎవరనుకున్నారు? జెలటిన్ అమ్మే కంపెనీ! ఆ తరవాతి కాలంలో ఆ దేశపు ఇల్లాళ్లు కొవ్వొత్తి సలాడ్ అని ఒకటి చేశారు. అనాస చక్రం మధ్య సగం అరటిపండు నిలబెట్టి, నెత్తిన మంటలాగా ఎర్ర చెర్రీ పండు. జర్మనీలో 1950ల నాటి విందుల్లో చీజ్ ముళ్లపంది ఉండేది. గుండ్రటి కాయకో పండుకో చీజ్ గుచ్చిన పుల్లలు ఒళ్లంతా పొడిస్తే ముళ్లపంది. మా కోడలి మొసలికి ముళ్లెందుకు మొలిచాయో ఇప్పుడు తెలిసిందా! ఎక్కడి ముళ్లపందో తిరిగి తిరిగి మా వంటింటి మొసలి వీపెక్కింది. వాళ్లయితే అది పెద్దవాళ్ల విందుల కోసం, చుట్టాల మెప్పు కోసం చేసుకున్నారు. మనం దాన్ని తెచ్చి పిల్ల మెతుకులకి ముడేశాం.

మనకి మాత్రం రంగులకేం కొదవ? శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పులో మామిడికాయ తురుమూ, కొబ్బరీ, కీరాదోస ముక్కలూ కలిపితే అది సలాడ్ కాదా? బీట్‌రూట్ తురిమి పెరుగులో కలిపితే వచ్చే గులాబీ రంగు ఏ చిత్రకారుడు కలపగలడు? పచ్చి మామిడికాయ ముక్కకి ఉప్పూ కారం అద్దుకుని తినమని ఏ పిల్లనైనా ఎవరైనా బతిమాలారా? దొంగచాటుగా తింటే వీపు మీద ఒకటి వెయ్యడమే ఎరుగుదుం.

ఆటా లేకపోలేదు. ముంజలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలకి పుల్ల గుచ్చి, చక్రాలు చేసి, వీధంతా దొర్లించుకుంటూ పోయేవాళ్లు మా అన్నదమ్ములు. తిండి ముందు, బండి తరవాత. అది తిన్నవాళ్లే చేసుకున్న బండి. అమ్మ రాత్రి పదకొండుదాకా మేలుకుని చేసిచ్చింది కాదు.

కనుక బళ్లవారికి నేను చెప్పేది ఒకటే. పోటీ మానెయ్యమనను. బళ్లోనే పెట్టండి. మొండి చాకులూ, అరటిపళ్లూ, ఉడికిన బీట్‌రూటూ, టమాటాలూ, పనీరూ ముందర పెట్టి చెయ్యమనండి. వంకరగా ఉంటే ఉండనివ్వండి. చేసింది అక్కడే తిననివ్వండి, ఫోటో తీరిక దొరికితే తీసుకోండి. ప్రాసెస్డ్ చీజ్ కొయ్యడానికి సుళువే గాని ఉప్పెక్కువ, పనీరు నయం. కోసిన ఆపిల్‌కి నిమ్మరసం రాస్తే నల్లబడదు. పచ్చి అనాసని మాత్రం పనీరుతోనో పెరుగుతోనో కలిపి ఉంచకండి. అందులో పాల మాంసకృత్తుల్ని విరగ్గొట్టే గుణముంది, కాసేపటికి చేదెక్కుతుంది. డబ్బాలోది వేడిచేసి నింపుతారు గనక దానికి ఆ పేచీ లేదు. అన్నట్టు, ఆ ఫోను గ్రూపులో ఆ రోజు వచ్చిన ఫోటోలన్నీ తిరగేశాను. కింద ఉన్న పేర్లన్నీ అమ్మలవే. సరదా అంత సరదా అయితే నాన్నలు ఒక్కరూ ఎందుకు రాలేదో?

మొన్న ఆదివారం మా పిల్లకి వెన్న రాసే చాకిచ్చి, వాళ్ల నాన్నని పక్కన కూచోబెట్టాను. కోడల్ని పడుకోమన్నాను. అరటిపండూ, టమాటా, పనీరూ అరగంటసేపు చిత్రవధ చేశారిద్దరూ. పళ్లెం తెచ్చి చూపించి "పిల్లి నానమ్మా" అంది. నాకు పిల్లెక్కడా కనిపించలేదు. "తలేదే?" అని అడిగాను. "నాన్న తినేశాడు" అంది నోటినిండా తోకతో.