వర్లీలో మొదలైంది.. బుడగలో ముగిసింది
45 విజయాల ఇండియానా పేసర్స్‌కు ప్లేఆఫ్స్‌లో ఒక్క గెలుపూ దక్కలేదెందుకు?

ముంబయి వర్లీ అంటే మనవాళ్లకు కొత్త చోటు కాదు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీలు బట్టల మిల్లుల్లో పనిచేస్తూ తరాల కిందటే ఈ చుట్టుపక్కల చాల్‌లలో కాపురాలు పెట్టారు. మిల్లులు పోయాయి, చాల్‌లు కొన్ని మిగిలాయి. అదే వర్లీలోని ఎన్‌ఎస్‌సీఐ డోమ్‌లో 2019 అక్టోబరు 4, 5 తేదీల్లో అమెరికా ఎన్‌బీఏ జట్లు రెండు తలపడ్డాయి. భారత గడ్డపై ఎన్‌బీఏ మ్యాచ్‌లు జరగడం అదే మొదటిసారి. ఒకటి ఇండియానా పేసర్స్, రెండోది శాక్రమెంటో కింగ్స్. కింగ్స్ యజమాని వివేక్ రణదివే ముంబయిలో పుట్టి పెరిగినవారే.

మొదటి రోజు మ్యాచ్‌కు సుమారు మూడు వేల మంది బడిపిల్లలను పిలిచారు. వాళ్ల అదృష్టం కొద్దీ మ్యాచ్ ఓవర్‌టైం దాకా వెళ్లింది. పేసర్స్ 132-131తో ఒక్క పాయింటు తేడాతో నెగ్గారు. టి.జె.వారెన్ 30 పాయింట్లు కొట్టాడు. మర్నాడు పేసర్స్ 130-106తో అలవోకగా గెలిచారు. రెండు రోజుల సందడి ముగిసింది, విమానం ఎక్కి వెళ్లిపోయారు. తర్వాత ఆ జట్టు ఏమైందో ఇక్కడ పట్టించుకున్నవాళ్లు తక్కువ. అయితే మన ఊళ్లో మొదలైన ఆ సీజన్ కథ తెలుసుకోదగ్గది. ఆటలో కష్టానికి, ఫలితానికి మధ్య ఎంత దూరం ఉంటుందో అందులో కనిపిస్తుంది.

సన్నాహం అంటే ఏమిటి?

ఎన్‌బీఏలో సీజన్ మూడు అంచెలు. ముందు సన్నాహక మ్యాచ్‌లు. వీటి గెలుపోటములు లెక్కలోకి రావు. కొత్తవాళ్లను పరీక్షించుకోవడానికి, కుర్రాళ్లకు అవకాశం ఇవ్వడానికి ఉద్దేశించినవి. రెండోది అసలు సీజన్, మామూలుగా ఒక్కో జట్టుకు 82 మ్యాచ్‌లు. మూడోది ప్లేఆఫ్స్. తూర్పు నుంచి ఎనిమిది, పడమర నుంచి ఎనిమిది జట్లు మిగులుతాయి. ఏడు మ్యాచ్‌ల పోరులో నాలుగు గెలిచినవాళ్లు ముందుకు పోతారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ర్యాంకు మెరుగ్గా ఉన్న జట్టుకు మొదటి రెండు మ్యాచ్‌లూ సొంతగడ్డపైనే. తాడోపేడో తేల్చే ఏడో మ్యాచ్ వచ్చినా అదీ సొంతగడ్డపైనే. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పడే పాట్లలో సగం ఈ హక్కు కోసమే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముంబయికి వచ్చేనాటికి పేసర్స్ కొత్తగా కూర్చిన జట్టు. ముందు ఏడాది ఆడినవారిలో బోయాన్ బొగ్డానోవిచ్ యూటా వెళ్లిపోయాడు. థాడియస్ యంగ్ షికాగో చేరాడు. డారెన్ కాలిసన్ ఆటకే స్వస్తి చెప్పాడు. వాళ్ల స్థానాల్లో మిల్వాకీ నుంచి మాల్కం బ్రాగ్డన్‌ను నాలుగేళ్లకు 8.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకున్నారు. ఫీనిక్స్ వాళ్లు వద్దనుకున్న వారెన్‌ను దాదాపు ఉచితంగా పట్టుకొచ్చారు. జెరెమీ లాంబ్, టి.జె.మెకానెల్, జస్టిన్ హాలిడే కూడా కొత్తగా చేరినవాళ్లే. పాతవాళ్లలో పొడగరులు డొమాంటస్ సబోనిస్, మైల్స్ టర్నర్ ఉన్నారు.

అసలు మొనగాడు విక్టర్ ఒలడిపో మాత్రం బరిలోకి దిగే స్థితిలో లేడు. 2019 జనవరి 23న టొరంటోతో ఆడుతుండగా కుడి మోకాలి దగ్గర కండర బంధనం తెగిపోయింది. శస్త్రచికిత్స అయ్యి కోలుకుంటున్నాడు.

మూడు ఓటములతో ఆరంభం

ముంబయి గెలుపులు లెక్కలోకి రావని ముందే అనుకున్నాం కదా, అది కొన్ని వారాల్లోనే రుజువైంది. అసలు సీజన్‌లో మొదటి మూడు మ్యాచ్‌లూ పేసర్స్ ఓడిపోయారు. డెట్రాయిట్ చేతిలోనే రెండుసార్లు, మధ్యలో క్లీవ్‌లాండ్ చేతిలో. ఇంకేముంది, ఈ ఏడాది కథ ముగిసిందన్నారు.

ముగియలేదు. కోచ్ నేట్ మెక్‌మిలన్ హడావుడి చేసే మనిషి కాదు. రక్షణ గట్టిగా ఉండాలి, బంతిని వృథా చేయకూడదు అన్నది ఆయన సూత్రం. జట్టు నెమ్మదిగా కుదురుకుంది. సబోనిస్ మ్యాచ్‌కు సగటున 18.5 పాయింట్లు, 12.4 రీబౌండ్లు సాధించి తొలిసారి ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. రీబౌండ్ అంటే గురి తప్పి రింగుకు తగిలి వచ్చిన బంతిని చేజిక్కించుకోవడం. చూడ్డానికి కూలిపనిలాగే ఉంటుంది కానీ ఆ పని చేసేవాడు లేకపోతే జట్టు లేనట్టే.

2020 జనవరి 29న ఒలడిపో తిరిగొచ్చాడు. ఏడాది తర్వాత మొదటి మ్యాచ్, ఎదుట షికాగో. మామూలు సమయం ముగియడానికి పదిసెకన్ల ముందు దూరం నుంచి త్రీ పాయింటర్ కొట్టి స్కోరు సమం చేశాడు. స్టేడియం లేచి నిలబడింది. ఓవర్‌టైంలో పేసర్స్ 115-106తో నెగ్గారు.

అయితే ఒకరు వచ్చారనుకుంటే మరొకరు పోయారు. ఫిబ్రవరి 23న టొరంటోలో లాంబ్ మోకాలి లిగమెంట్ తెగింది. ఆ రోజు పేసర్స్ 46 పాయింట్ల తేడాతో చిత్తయ్యారు. రెండు వారాలు తిరిగేసరికి లోకమే ఆగిపోయింది. యూటా ఆటగాడు రూడీ గోబర్‌కు కరోనా సోకినట్టు తేలడంతో మార్చి 11న ఎన్‌బీఏ సీజన్‌ను నిలిపేసింది. అప్పటికి పేసర్స్ లెక్క 39 గెలుపులు, 26 ఓటములు.

బుడగలో ఆట

నాలుగున్నర నెలల తర్వాత జులై 30న ఆట మళ్లీ మొదలైంది. అందరూ కాదు, 22 జట్లే. అన్ని ఊళ్లలో కాదు, ఫ్లోరిడాలోని ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ ఆవరణలో మాత్రమే. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. దాన్నే ‘బుడగ’ అన్నారు. జట్టుకు ఎనిమిది మ్యాచ్‌లు, ఆపై ప్లేఆఫ్స్. గ్యాలరీల్లో మనుషులకు బదులు తెరల మీద అభిమానుల ముఖాలు.

పేసర్స్‌కు ఇక్కడా గ్రహపాటే. పాదం నొప్పితో సబోనిస్ బుడగ వదిలి వెళ్లాల్సి వచ్చింది. ముందు ఆడనన్న ఒలడిపో మనసు మార్చుకుని వచ్చాడు కానీ కాళ్లలో పాత వేగం లేదు. అలాంటి సమయంలో ముంబయిలో 30 పాయింట్లు కొట్టిన వారెన్ మళ్లీ లేచాడు. ఆగస్టు 1న ఫిలడెల్ఫియాపై ఏకంగా 53 పాయింట్లు. వారం తర్వాత లేకర్స్‌పై 39. ఆడిన ఆరు మ్యాచ్‌ల్లో సగటు 31. పేసర్స్ ఎనిమిదింట ఆరు గెలిచి, 45-28తో తూర్పున నాలుగో స్థానంలో నిలిచారు. ఐదో స్థానంలో 44-29తో మయామి హీట్. తేడా ఒక్క గెలుపు.

నాలుగుకు, ఐదుకు మధ్య పోరు. మామూలు ఏడాదిలో అయితే మొదటి రెండు మ్యాచ్‌లు ఇండియానాపోలిస్‌లో జరగాలి. తమ కోర్టు, తమ జనం, తమ అరుపులు. ఈ ఏడాది అదేమీ లేదు. ఇద్దరూ ఒకే ఆవరణలో బస. ఒకే ఖాళీ హాలు. పది నెలలు చెమటోడ్చి సంపాదించిన సొంతగడ్డ హక్కు కాగితం మీద మిగిలింది.

నాలుగు రోజుల ముందు హీట్‌పై 109-92తో గెలిచారు కదా, గట్టి పోరు ఉంటుందనుకున్నారు. ఆగస్టు 18న 113-101, 20న 109-100, 22న 124-115, 24న 99-87. నాలుగూ మయామివే. మొదటి మ్యాచ్‌లోనే ఒలడిపో కంటికి దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. వారెన్‌ను కట్టడి చేసే బాధ్యత జిమ్మీ బట్లర్ బృందం తీసుకుంది. ఆ ఇద్దరికీ జనవరిలోనే కోర్టులో మాటామాటా పెరిగిన పాత లెక్క ఉంది. పది నెలల ఇరవై రోజుల కిందట వర్లీలో మొదలైన సీజన్ ఏడు రోజుల్లో ముగిసిపోయింది.

తప్పెవరిది?

రెండు రోజులకే, ఆగస్టు 26న, మెక్‌మిలన్‌ను తొలగించారు. విచిత్రమేమిటంటే సరిగ్గా రెండు వారాల ముందే ఆయన ఒప్పందాన్ని పొడిగించినట్టు ప్రకటించారు. నాలుగు సీజన్ల మొత్తంలో ఆయన లెక్క 183 గెలుపులు, 136 ఓటములు. ప్లేఆఫ్స్‌లో మాత్రం 3 గెలుపులు, 16 ఓటములు. నాలుగేళ్లూ మొదటి మెట్టు మీదే ఆగిపోయారు. అందులో మూడుసార్లు ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండానే.

యాజమాన్యం వాదన కొట్టిపారేసేది కాదు. ఎన్‌బీఏ అంతా త్రీ పాయింటర్ల వైపు పరుగెడుతున్న కాలం అది. పేసర్స్ మాత్రం ఆ షాట్లు ప్రయత్నించడంలో లీగ్ అట్టడుగున ఉన్నారు. రెండు పాయింట్ల బుట్టలు వేసుకుంటూ పోతే అసలు సీజన్‌లో అలసిన జట్లపై గెలవొచ్చు. ప్లేఆఫ్స్‌లో అలా కాదు. అదే ప్రత్యర్థి వరసగా ఎదురై మన బలహీనత ఎక్కడుందో వెతికి అక్కడే కొడుతుంది. మయామి చేసింది అదే.

రెండో వైపూ చూడాలి. ఆల్‌స్టార్ లేడు. లాంబ్ లేడు. ఒలడిపో సగం మనిషి. సొంతగడ్డ లేదు. ఇన్ని లేములతో ఓడిన కోచ్‌ను ఒక్కణ్నే నిలబెట్టి లెక్క అడగడం న్యాయమా? పంట ఎండితే పాలేరును మాన్పించినట్టు లేదూ? పైగా ఓడించిన మయామి అల్లాటప్పా జట్టేమీ కాదు. ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లి లేకర్స్ చేతిలో ఓడింది.

తర్వాత జరిగింది చూస్తే సమాధానం కొంత దొరుకుతుంది. కొత్త కోచ్ నేట్ బ్యోర్క్‌గ్రెన్ వచ్చాడు. 34-38తో జట్టు ప్లేఆఫ్స్‌కే చేరలేదు. ఏడాదికే ఆయన్నూ పంపేశారు. అదే 2021లో మెక్‌మిలన్ అట్లాంటా హాక్స్‌ను మధ్యలో అందుకుని తూర్పు ఫైనల్ దాకా నడిపించాడు. వారెన్ పాదం ఎముక గాయంతో తర్వాతి సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లే ఆడి, ఆపై ఏడాది అసలు ఆడలేదు. అంటే కోచ్‌ను మార్చినంత మాత్రాన రోగం కుదరలేదన్నమాట.

మందు పడింది 2022 ఫిబ్రవరిలో. సబోనిస్‌ను, లాంబ్‌ను, జస్టిన్ హాలిడేను ఇచ్చి టైరీస్ హాలిబర్టన్‌ను, బడీ హీల్డ్‌ను తెచ్చుకున్నారు. ఎవరికిచ్చారంటారా? వర్లీలో ఎదుట నిలిచిన శాక్రమెంటో కింగ్స్‌కే. అప్పట్లో చాలామంది పేసర్స్‌ను తిట్టారు. చివరికి ఇద్దరికీ మేలే జరిగింది. 2023లో కింగ్స్ పదహారేళ్ల కరవు తీరి ప్లేఆఫ్స్ చేరారు. కోచ్ రిక్ కార్లైల్ చేతిలో పడ్డ పేసర్స్ వేగం, దూరపు షాట్లు నేర్చుకుని 2025లో ఫైనల్‌కు వెళ్లారు. 2000 తర్వాత అదే మొదటిసారి. ఓక్లహామా సిటీతో ఏడో మ్యాచ్ దాకా పోరాడి, ఆ మ్యాచ్‌లోనే హాలిబర్టన్ మడమ కండర బంధనం తెగి ఓడిపోయారు. 2019-20 జట్టులో ఉండి ఆ ఫైనల్ దాకా నిలిచినవాళ్లు ఇద్దరే, టర్నర్, మెకానెల్.

మనకేం మిగిలింది?

వర్లీ నుంచి నాగ్‌పాడా ఎంతో దూరం కాదు. ఒకప్పుడు తెలుగు కామాఠీ కూలీల పేరుతో వెలసిన కామాఠీపురకు ఆనుకునే ఉంటుంది. ముంబయి బాస్కెట్‌బాల్‌కు పుట్టినిల్లు లాంటి పేట. ఇరుకు గల్లీల మధ్య కోర్టులోనే ఎందరో రాష్ట్ర, దేశ స్థాయి ఆటగాళ్లు తయారయ్యారు. అంత ఆట ఉన్నా మన దేశంలో దాన్నే నమ్ముకుని బతికే దారి ఇరుకే. 2015లో యూబీఏ పేరుతో ఒక లీగ్ మొదలై 2017 తర్వాత ఆగిపోయింది. అదే 2015లో పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్‌ను డాలస్ ఎంచుకుంటే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో తొలి భారతీయుడని మురిసిపోయాం. అసలు సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం అతనికి రాలేదు. బాగా ఆడే పిల్లలకు చాలాకాలంగా దిక్కు రైల్వే, ఓఎన్‌జీసీ వంటి సంస్థల్లో క్రీడా కోటా ఉద్యోగమే.

రెండు రోజుల సన్నాహక మ్యాచ్‌లతో ఇది మారదు. డోమ్‌లో వేసిన కోర్టు మ్యాచ్ అయ్యాక ఎత్తేశారు. పిల్లలకు కావాల్సింది ఏడాది పొడవునా ఉండే కోర్టు, రోజూ వచ్చే కోచ్, గాయమైతే చూసే వైద్యుడు. పేసర్స్ సీజన్ చెప్పేదీ అదే. మొదటిరోజు చప్పట్లు లెక్కలోకి రావు. మధ్యలో మోకాళ్లు తెగుతాయి, లోకం ఆగుతుంది, సంపాదించుకున్న సొంతగడ్డ కూడా ఒక్కోసారి చేజారిపోతుంది. సొంతగడ్డ లేని చోట ఆడటమంటే ఏమిటో సరిహద్దు దాటి వచ్చి బతుకుతున్న మనకు వేరే చెప్పక్కర్లేదు.

వర్లీలో ఆ రోజు అరిచి గోల చేసిన మూడు వేల మంది పిల్లల్లో చాలామంది ఈపాటికి కాలేజీ వయసుకు వచ్చి ఉంటారు. వాళ్లలో ఎందరు ఇంకా బంతి పట్టుకున్నారన్నది లెక్కపెట్టాలి. ఆ మ్యాచ్ అసలు స్కోరు అదే.