సంతకం పెట్టేటప్పుడు మనల్ని అడిగిందెవరు?

కాంగ్రెస్, బీజేపీలు తిట్టుకోని విషయం లేదనుకుంటాం. విదేశీ పెట్టుబడిదారు హక్కుల దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండూ ఒకే బడిలో చదువుకున్నట్టుంటాయి.

1994 ఏప్రిల్‌లో మరకేష్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం సంతకం పెట్టినప్పుడు బీజేపీ స్వదేశీ జెండా పట్టుకుంది. గద్దెనెక్కినంక 1999లో ఆ ఒప్పందానికి తగ్గట్టు పేటెంట్ చట్టాన్ని సవరించింది వాజ్‌పేయి ప్రభుత్వమే. కాంగ్రెస్ చెయ్యి కలిపింది. ఆర్‌సీఈపీ చర్చలు 2012లో మొదలైంది యూపీఏ హయాంలో. 2019లో దాంతో రైతు మునుగుతాడని గొంతు చించుకున్నదీ కాంగ్రెసే. ఆ నవంబర్‌లో మోడీ ప్రభుత్వం బయటికొస్తే ఇద్దరూ ఘనత మాదంటే మాదన్నారు. వామపక్షాలు మాత్రం 2009 ఆసియాన్ ఒప్పందాన్ని కేరళ రైతుల పక్షాన ఎదిరించాయి, ఆ మాట ఒప్పుకోవాలె.

సుంకాలు తగ్గితే మార్కెట్లో ధర పడ్డనాడన్నా మనకు తెలుస్తుంది. పెట్టుబడి ఒప్పందాల సంగతి అదీ లేదు. 1994లో బ్రిటన్‌తో మొదలుపెట్టి వరుసగా చేసుకున్న ఈ ఒప్పందాల సారం ఒక్కటే: సర్కారు నిర్ణయంతో నష్టపోయానని కంపెనీ అనుకుంటే, మన దేశాన్ని అంతర్జాతీయ ట్రిబ్యునల్ ముందు నిలబెట్టొచ్చు. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ అదే చేసింది. కోల్ ఇండియాతో తగాదాలో మన కోర్టులు తొమ్మిదేళ్లు ఆలస్యం చేశాయని 2011లో 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా గెలుచుకుంది. ఆస్ట్రేలియా ఒప్పందంలో లేని హక్కును కువైట్ ఒప్పందం నుంచి అరువు తెచ్చుకుని మరీ గెలిచింది! భూమి పోగొట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగే మన రైతుకు ఆలస్యానికి పరిహారం ఇచ్చే ట్రిబ్యునల్ ఏ దేశంలో ఉంది?

ఇంకొకటి మన పక్కనే జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ ప్రభుత్వం 2007లో విశాఖ మన్యం బాక్సైట్ కోసం రాస్ అల్ ఖైమాతో ఒప్పందం చేసుకుంది. గిరిజనులు తిరగబడ్డారు. చివరికి 2016లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బాక్సైట్ సరఫరా ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆ ఏడే రాస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ, 2013లో యూఏఈతో యూపీఏ కుదుర్చుకున్న ఒప్పందం చూపి భారత్ మీద ఆర్బిట్రేషన్‌కు పోయింది. గెలుపోటముల సంగతి పక్కన పెడదాం. తమ కొండను గిరిజనులు కాపాడుకుంటే దేశం బోనెక్కాల్సి రావడమేంది?

ఈ దెబ్బలు తిన్నంక మోడీ ప్రభుత్వం పాత ఒప్పందాలను చాలామటుకు రద్దు చేసింది. కంపెనీ ముందు ఐదేళ్లు మన కోర్టుల్లోనే తేల్చుకోవాలని కొత్త నమూనా తెచ్చింది. మంచి పనే. కానీ 2024లో అదే యూఏఈతో కొత్త ఒప్పందం రాసుకుంటూ ఆ ఐదేళ్లను మూడుకు దించింది.

మన నీళ్లు, మన భూములు అని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉన్నా, విదేశీ ఒప్పందం పేరు చెప్పి 253 అధికరణం కింద పార్లమెంటు దానిమీదా చట్టం చేయొచ్చు. ఇగ ఒప్పందానికైతే పార్లమెంటు ఆమోదం కూడా అక్కర్లేదు, కేంద్ర మంత్రివర్గం చాలు. ఒప్పంద ముసాయిదా సంతకానికి ముందే పార్లమెంటుకూ, అసెంబ్లీలకూ రావాలె. ఓట్లకొచ్చే ప్రతి పార్టీనీ విద్యార్థులు, ఉద్యోగులు దీనిమీద నిలదీయాలె. యూఏఈకి ఆ రెండేళ్లు ఎందుకు తగ్గించారో బీజేపీనీ, 2013లో సంతకం ఎందుకు పెట్టారో కాంగ్రెస్‌నూ ముందు అడుగుదాం.